పైన జానెడు పొడిగా

కర్నూలు ఆటోనగర్‌లో ఉత్త అబూబకర్ అని అడిగితే ముగ్గురిని చూపిస్తారు. ఒకాయన టైర్లకు పంక్చర్లు వేస్తాడు, ఒకాయన రేడియేటర్లు అతుకుతాడు. మూడో ఆయన కావాలంటే మీటర్ల అబూ అని అడగాలి. ఆ మూడో ఆయన దగ్గరికి ఇప్పుడు వచ్చేవాళ్ళు తక్కువ. కొత్త లారీల్లో అద్దం వెనక అంకెలు వెలుగుతాయి. గేర్ బాక్సు నుంచి ఒక తీగ తిరుగుతూ వచ్చి స్పీడు ముల్లును లేపుతుందనే సంగతే ఆ బండ్లకు తెలియదు. పాత బండ్లకు ఆయన దిక్కు, ఆయనకు పాత బండ్లు దిక్కు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పక్క షాపులవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. అరవై రెండేళ్ళ మనిషి ఇప్పుడు కొత్త దారి పట్టి ఎక్కడికి పోవాలి?

మీటర్ కేబుల్ పని చూసేవాళ్ళకు అసలు పనే అనిపించదు. నల్ల గొట్టంలోంచి తీగను మెల్లగా లాగాలి. డీజిల్లో కడిగి తుడవాలి. రెండు వేళ్ళ మధ్య ఈ కొస నుంచి ఆ కొస దాకా పోనిచ్చి, తెగిన పోగేదన్నా గుచ్చుకుంటుందేమో చూడాలి. నున్నటి బండ మీద దొర్లించి వంకర పట్టుకోవాలి. ఆ తర్వాత గ్రీజు. అబూబకర్ గ్రీజు బజార్లో దొరికేది కాదు. పెన్సిళ్ళ ములుకులు నూరి, గుడ్డలో జల్లించి, కలిపి పెట్టుకున్న నల్ల గ్రీజు. ఆయన ఉస్తాద్ నేర్పిపోయిన విద్య అది. ఉస్తాద్ ఇంకొక మాట కూడా నేర్పాడు, అది గ్రీజు కన్నా ముఖ్యం. గేర్ బాక్సు వైపు నుంచి పూసుకుంటూ రా, మీటరు వైపు పైన జానెడు పొడిగా వదిలెయ్. తీగ పురి తిప్పి ఉంటుంది కాబట్టి, తిరిగేకొద్దీ గ్రీజును పైకి ఎక్కిస్తుంది. ఆ జానెడు పొడి లేకపోతే అది పోయి మీటర్లో చేరుతుంది. చేరిందంటే ముల్లు ఇక ఎవరి మాటా వినదు. ఈ పాఠం మరిచిపోకుండా ఉస్తాద్ ఒకసారి స్పానర్‌తో అబూబకర్ వీపు మీద ఒకటి వేశాడు కూడా.

నలభై ఏళ్ళలో ఆ జానెడు ఆయన ఒకే ఒక్కసారి తప్పాడు. అది కంబన్న బండికి.

కంబన్నది బేతంచెర్ల. సొంత లారీ, ఇరవై ఆరేళ్ళ కిందటిది. క్వారీలో బండలు ఎత్తుకొని, నంద్యాల మీదుగా నల్లమల ఘాటు దాటి గిద్దలూరు వైపు తోలేవాడు. రెండేళ్ళుగా ఆయన పక్కన క్లీనరు లేడు. పెండ్లాం శివకుమారి కూర్చునేది. యాభై ఏళ్ళ ఆడమనిషి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని లారీ ఎక్కుతుంటే క్వారీలో హమాలీలు ఊరుకుంటారా? "కంబన్న బండికి స్టెప్నీ లేకపోయినా నడుస్తాదప్పా, పెండ్లాం లేకపోతే నడవదు" అనేవాళ్ళు. కంబన్న పెద్దగా నవ్వేవాడు. ఆయన ఏ మాటకైనా నవ్వేవాడు. అదొక్కటి చూసైనా అబూబకర్‌కు అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

పోయిన ఫిబ్రవరిలో ఒక పొద్దున కంబన్న బండి తెచ్చి షాపు ముందు నిలిపాడు.

"ముల్లు ఆడతాండాది అబూ బాయ్. ముప్పై అంటాది, ఉన్నట్టుండి యాభై అంటాది. ఒకచోట నిలబడదు" అన్నాడు.

"ఒక సుట్టు పోయొద్దాం పా" అని అబూబకర్ ఎక్కి శివకుమారి పక్కన కూర్చున్నాడు. బండి రోడ్డెక్కి పాతిక దాటిందో లేదో, మీటరు వెనక నుంచి ఒక కూత మొదలైంది. కీచుమని, చెవిలో సూది పెట్టి తిప్పినట్లు. ఎండిపోయిన తీగ గొట్టాన్ని కోస్తున్న కూత అది. ఆ మోతలో పది నిమిషాలు కూర్చోవడం మనిషికి సాధ్యం కాదు. అబూబకర్ చెవి మూసుకున్నాడు.

"ఎన్నాళ్ళాయప్పా ఈ కూత?"

కంబన్న రోడ్డు చూస్తూ నవ్వాడు.

"కంబన్నా, నిన్నే. ఎప్పటి నుంచి కూస్తాండాది ఇది?"

శివకుమారి మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. కంబన్న ఇటు తిరిగి, అబూబకర్ పెదవుల వైపు చూశాడు.

"ఏం కూత?" అన్నాడు.

శివకుమారి తల దించుకుంది. అబూబకర్ బండి పక్కకు తీసి ఆపించాడు. ముప్పై ఏళ్ళు మోకాలి పక్కనే ఇంజను పెట్టుకొని తోలినవాడు, క్వారీలో తూటాలు పేలుతుంటే బండి కింద పడుకొని నిద్రపోయినవాడు. చెవులు పోకుండా ఎలా ఉంటాయి?

"ఎడమది రొంత వినపడతాది" అన్నాడు కంబన్న, దొంగతనం పట్టుబడినట్లు. "కుడిది ల్యా. ఎవురికీ చెప్పొద్దు బాయ్. చెవుడని తెలిస్తే లైసెన్సు రాయరు. బండి దిగితే నేనేం చేయాల? నాకు ఇంకో పనొచ్చునా?"

"మల్ల ఎట్ల తోల్తాండావప్పా?"

శివకుమారి చెప్పింది. వెనక బండి హారన్ కొడితే తను ఆయన భుజం మీద ఒకసారి తడుతుంది. నిదానించాల్సి వస్తే రెండుసార్లు. "ఆ కూత నాకు వినపడేదన్నా" అంది. "పాత బండి గదా, ఏదో ఒకటి అరుస్తాంటాది అనుకుంటి." మిగిలిందంతా ముల్లు. ఇంజను గొంతు విని గేరు మార్చే మనిషికి ఆ గొంతు పోయింది. ముల్లు ముప్పై దాటితే పై గేరు, ఇరవైకి దిగితే కింది గేరు. కంబన్న ఇప్పుడు బండిని కండ్లతో వింటున్నాడు.

ఆ రోజే "చాలు కంబన్నా, బండి దిగు" అని ఉండాల్సింది. అబూబకర్‌కు ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ తుంగభద్ర ఊళ్ళోకి వచ్చిన ఏడు, ఆయన భార్య చాంద్ బేగం వంటింట్లో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఏడుస్తుంటే, బండలు దించేసి లారీ తీసుకొచ్చి, ఇంటిల్లిపాదినీ పరుపులు, బిందెలతో సహా ఎత్తుకొని పోయినవాడు ఈ కంబన్నే. అలాంటి వాడి నోటి దగ్గర కూడు తన నోటితో ఎలా తీసేయాలి? మింగలేక, కక్కలేక, చివరికి మింగాడు.

"నెలకొకసారి బండి నా దగ్గరికి తే" అన్నాడు. "తీగ నేనే చూసుకుంటా. ముల్లు నిన్ను మోసం చేయకుండా చూసే పూచీ నాది."

పూచీ ఇవ్వడం ఎంత తేలికో చూడండి, నాలుకకు ఎముక లేదు కదా.

ఫిబ్రవరిలో పాత తీగ తీసి కొత్తది వేశాడు. మార్చిలో కడిగి పూశాడు. రెండుసార్లూ పైన జానెడు వదిలాడు. ముల్లు తైలం పట్టిన తలవెంట్రుకలా కుదురుగా నిలబడింది. ఏప్రిల్ చివర్లో వచ్చినప్పుడు శివకుమారికి బండి దిగడమే కష్టమైంది. మోకాలు ఉబ్బి కుండలా ఉంది. కిందికి దిగడానికి కంబన్న భుజం పట్టుకొని, మెట్టు మీద కాలు పెట్టి, పెదవి కొరుక్కుంది.

"ఈ కాలుతో బండెక్కుతాండావా చెల్లెమ్మా?"

"ఎక్కకపోతే యాడ కుదుర్తాదన్నా? ఆయన ఒక్కడే యెట్ల పోతాడు?"

అబూబకర్‌కు జాలి వేసింది. జాలితో పాటు, నిజం చెప్పుకోవాలంటే, కొంచెం గర్వం కూడా. మూడు నెలలుగా ముల్లు వెంట్రుకవాసి తప్పలేదు. "నెలా రెండు నెలలు ఇంటికాడ ఉండు" అన్నాడు. "వెనకాల హారన్ సంగతి అద్దంలో చూసుకుంటాడు. స్పీడుకు ముల్లుండాది. ముల్లు పని నాది గదా."

ఆమె మొగుడి వైపు చూసింది. కంబన్న ఇద్దరి పెదవులూ చూసి, విషయం అర్థమై, "ఉండులే, నేను పోయొస్తా" అన్నాడు.

ఆమె లోపల బల్ల మీద కూర్చొని కాలు చాపుకుంది. అబూబకర్ తీగ కడిగాడు, తుడిచాడు, వేళ్ళ మధ్య పోనిచ్చాడు. నల్ల గ్రీజు తీసి పూస్తూ పైకి వచ్చాడు. జానెడు మిగిలిన చోట చెయ్యి ఆగింది. ఎండలు చూస్తే మండిపోతున్నాయి. బండ్లో ఈసారి ఆడమనిషి ఉండదు. ఈ తీగ ఎండిందంటే కంబన్నకు కూత కూడా వినపడదు. ఈ ఒక్కసారికి ఇంకాస్త ఉంటే నష్టమేముంది? అమ్మ కడుపు నిండిన బిడ్డకు ఇంకో ముద్ద పెట్టినట్లు, ఆయన ఆ జానెడు కూడా నిండుగా పూశాడు. కేబుల్ బిగించి, చేతులు తుడుచుకొని, కంబన్న ముఖం తనవైపు తిప్పుకొని, పెదవులు విప్పి విప్పి చెప్పాడు:

"ఘాటు దిగేటప్పుడు కండ్లు మోసం చేస్తాయి. స్పీడుగా పోతున్నా నిదానంగా ఉన్నట్టుంటాది. నీ కండ్లను నమ్మొద్దు. ముల్లును నమ్ము."

కంబన్న ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకొని తల ఊపాడు.

మే నెల రెండో వారంలో, పొద్దున పదకొండు గంటలకు, ఘాటు దిగువన చివరి మలుపులో లారీ తిరగబడింది. బండలు ముందుకు జారి క్యాబిన్‌ను నలిపేశాయి. రోడ్డు పక్కన గొర్రెలు తోలుకుపోతున్న ప్రేమయ్య అనే మనిషి బండల కింద పడి చనిపోయాడు, ఆయనతో పాటు పదకొండు గొర్రెలు. కంబన్నను బయటికి తీయడానికి రెండు గంటలు పట్టింది, అప్పటికే ప్రాణం లేదు. వెనక వచ్చిన బస్సు డ్రైవరు పోలీసులకు చెప్పాడు, గాలిలాగా పోయింది సార్, హారన్ కొట్టి కొట్టి నా చెయ్యి నొప్పి పుట్టింది, వినిపించుకోలేదు అని. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. బ్రేకులు బాగున్నాయి, అతివేగం, అని రాసుకొని పోయాడు.

అబూబకర్ మట్టికి పోయాడు. శవం ముందు నిలబడి అందరితో పాటు ఏడ్చాడు. బ్రేకులు కాకపోతే ఏమై ఉంటుందనే ప్రశ్న దారి పొడుగునా వచ్చింది. తీగ తెగి ఉంటుంది, కొత్త తీగ కూడా తెగుతుంది, అని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకుంటూ రాత్రిళ్ళు నిద్ర మాత్రం పోలేదు.

పెద్దకర్మ అయిన మూడో రోజు, షాపు తీస్తూ ఉండగానే శివకుమారి వచ్చింది. మోకాలికి గుడ్డ చుట్టుకొని, కుంటుకుంటూ. చేతిలో సంచి. బల్ల మీద కూర్చొని, సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన వస్తువు తీసింది. కంబన్న బండి మీటరు. అద్దం మూలన చిట్లింది, అంతే.

"స్టేషన్ ముందర పడేసిన బండిలోంచి మా తమ్మునితో విప్పించినా" అంది. "చూడన్నా. ముల్లు చూడు."

ముల్లు ముప్పై మీద ఉంది.

"ప్రేమయ్య పెండ్లాం మా వాకిలి ముందరికొచ్చి మన్ను పోసింది అన్నా. తాగి తోలినాడంట. పొగరంట. బస్సాయన హారన్ కొడితే పోటీకి తోలినాడంట. నేను ఒక్క మాట అనలా. ఇప్పుడు ఇది దొరికింది. దెబ్బ తగిలినప్పుడు యాడుంటే ఆడ నిలబడిపోతాది గదా ముల్లు? ముప్పైలోనే పోతాండాడు ఆయన. నువ్వు మీటర్లు తెలిసినోడివి. తెరిచి చూసి, ముప్పై నిజమేనని చెప్పు. ఈ పొద్దే పోయి ఆమెకు చూపించొస్తా."

అబూబకర్ మీటరును చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు తెరవకముందే తెలిసిపోయింది. దెబ్బ తగిలితే ముల్లు ఎక్కడా నిలబడదు. లోపల సన్నటి స్ప్రింగు ఉంటుంది, బండి ఆగిన మరుక్షణం ముల్లును సున్నాకు లాగేస్తుంది. నిలబడి ఉందంటే, దాన్ని ఏదో పట్టుకొని ఉంది. వంచి చూశాడు, కదల్లేదు. తట్టి చూశాడు, కదల్లేదు.

చుట్టూ ఉన్న రేకు అంచు లేపి, అద్దం తీసి, వెనక మూత విప్పాడు. మూతలో, తిరిగే చక్రం చుట్టూ, ముల్లు ఇరుసు మీద, అంతా గ్రీజు. ఎండకు కరిగి, తీగ పట్టుకొని పైకెక్కి, దుమ్ముతో కలిసి బంకలా ముద్దకట్టిన గ్రీజు. నల్లటిది. వేరే ఎవరికి చూపించినా గ్రీజు అంటారు, అంతే. ఆ నలుపు పెన్సిలు నలుపని చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

పక్కనే పెట్రోలులో తడిపిన గుడ్డ ఉంది. ఒక్క తుడుపు చాలు. ఆయన చెయ్యి గుడ్డ మీదికి పోయింది కూడా. శివకుమారి ముఖం చూశాడు. పదోతరగతి ఫలితం కోసం చూసే పిల్లలా చూస్తోంది. ముప్పై నిజమేనంటే ఆమె ఆయన చేతులు కండ్లకు అద్దుకుంటుంది. అబూబకర్ గుడ్డ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"ఈ గ్రీజు నాది చెల్లెమ్మా" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన మొత్తం చెప్పాడు. జానెడు సంగతి, ఉస్తాద్ సంగతి, చెయ్యి ఆగి మళ్ళీ సాగిన సంగతి. "ఆయప్ప ముప్పై మీద చూసినాడు. బండి ముప్పైలో లేదు. యాభై ఉండచ్చు, అరవై ఉండచ్చు. కండ్లకు స్పీడు తెలిసే ఉంటాది. కానీ కండ్లను నమ్మొద్దని చెప్పింది నేనే. నిన్ను ఇంటికాడ ఉండమన్నదీ నేనే."

చెబుతూ ఆయన వేళ్ళు ఊరికే ఉండలేక ఇరుసును కదిలించాయి. గ్రీజు పట్టు వదిలింది. ముల్లు టక్కున సున్నాకు పడిపోయింది.

శివకుమారి "అయ్యో" అని రెండు చేతులూ చాపింది, చేతిలో పిట్ట ఎగిరిపోయినట్లు. అంతదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. పక్క షాపు టైర్ల అబూబకర్ తొంగి చూసి, లోపలికి పోయాడు.

ఏడుపు ఆగాక ఆమె చూపుడు వేలితో ఆ నల్ల గ్రీజు కొంచెం తీసి, బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇంత ఎందుకు పెట్టినావన్నా?"

"మంచి జరగాలనే పెట్టినా."

"తెలుసు" అంది. తిట్టింది కాదు, ఓదార్చింది కాదు. తిట్టి ఉంటే ఆయనకు సుఖంగా ఉండేది. "నాకు మోకాలు నొప్పి. నొప్పి ఉంటే ఏమాయ? ఎక్కింటే ఈ గండం రెండు తట్లతో పోయేది."

రోడ్డు మీద బండ్లు పోతున్నాయి.

"ఆయన చూసింది మాత్రం ముప్పైనే గదా?" అంది చివరికి.

"ముప్పైనే చెల్లెమ్మా. అల్లా మీద ఆన. ముప్పై చూసే తోలినాడు."

"అయితే మల్ల ఆడనే పెట్టు."

"ఏంది?"

"ముల్లు. ఎట్ల తెచ్చినానో అట్ల పెట్టియ్యి. ఆయన ఏం చూసినాడో ప్రేమయ్య పెండ్లాం చూడాల. చూపిచ్చేది నేను. గ్రీజు సంగతి చెప్పేది నువ్వు. నాతో రావాల. చెవుల సంగతి నేను చెప్తా. నాలుగు నెలలు నువ్వు దాచితే, రెండేండ్లు దాచింది నేను."

అబూబకర్ తల ఊపాడు. ఎడమచేతి గోటితో ముల్లును ముప్పై మీదికి లేపి పట్టుకున్నాడు. కుడిచేత్తో మూతలోని నల్ల ముద్దను కొంచెం తీసి ఇరుసు మీద అద్దాడు. ఆ రోజు తెలియక చేసిన పని ఈసారి తెలిసి చేస్తున్నాడు. వదిలాడు. ముల్లు నిలబడింది. మీటరు మూసి, అద్దం బిగించి, తువ్వాల్లో చుట్టి ఆమెకు ఇచ్చాడు. గ్రీజు డబ్బా సంచిలో వేసుకున్నాడు, వాళ్ళు అడిగితే చూపించడానికి. చాంద్ బేగంకు ఫోన్ చేసి, పొద్దుగూకే లోపల రాకపోతే ఎదురుచూడొద్దు అన్నాడు. ఎందుకని ఆమె అడిగితే, వచ్చి చెప్తానన్నాడు. షట్టరు దించాడు.

నంద్యాలలో బస్సు మారారు. శివకుమారికి ముందు కిటికీ పక్క సీటు దొరికింది. అబూబకర్ అవతలి వరుస సీట్లో కూర్చున్నాడు. ఘాటు మొదలయ్యాక బస్సులో మాటలు తగ్గాయి. ఎండిన టేకు చెట్ల మధ్య రోడ్డు మెలికలు తిరుగుతూ దిగుతోంది. ఆమె బయటికి చూడలేదు. ఒడిలో తువ్వాలు విప్పి, మీటరును రెండు చేతుల్తో పట్టుకొని కూర్చుంది. చివరి మలుపు దగ్గర రోడ్డు వారగా పగిలిన బండలు ఇంకా కుప్పగా పడి ఉన్నాయి. గొర్రెల ఉన్ని ముళ్ళకంపకు అక్కడక్కడా అతుక్కొని ఉంది.

బస్సు మలుపు వైపు జోరుగా దిగింది. వెనక నుంచి ఏదో లారీ హారన్ కొట్టింది. శివకుమారి చెయ్యి దానంతటదే లేచి, పక్కన ఎవరూ లేని గాలిలో ఒక క్షణం వెతికి, కిందికి వచ్చి మీటరు అద్దం మీద రెండుసార్లు తట్టింది.

డ్రైవరు బ్రేకు వేశాడు. బస్సు నిదానంగా మలుపు తిరిగి, ప్రేమయ్య పల్లె వైపు దిగింది.